మీటరు మీద 14 అంటే తక్కువా?

పోయిన ఎండాకాలం మా అత్తయ్యగారు ఊరి నుంచి ఇంగ్లండులో మా ఇంటికి వచ్చారు. షుగర్ మీటరు ఊళ్లోనే మర్చిపోయారు. ఒకరోజు నేను నైట్ డ్యూటీ చేసి ఇంటికొచ్చేసరికి, ఇక్కడ కొన్న మీటరుతో పరగడుపున తనే చూసుకుని నవ్వుతూ కూర్చున్నారు.

"అమ్మాయ్, 14 వచ్చింది! మనూళ్లో ఎప్పుడూ 140కి తగ్గలేదు. ఇక్కడి నీళ్లు నాకు పడ్డాయి. ఇంక మాత్రలెందుకు?" అన్నారు. ముందురోజు మిగిలిన బొబ్బట్టు చేతిలో ఉంది.

నా గుండె ఝల్లుమంది. ఆ 14 అంటే మనూరి లెక్కలో 252.

తప్పు ఆవిడది కాదు. ఇండియాలో, అమెరికాలో షుగర్‌ని బరువులో చెబుతారు, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములని. బ్రిటన్, మలేషియా, దక్షిణాఫ్రికాలో లీటరుకి ఎన్ని మిల్లీమోల్స్ అంటారు. అది బరువు కాదు, అణువుల లెక్క.

టెన్త్ తర్వాత చదువుకున్న మోల్ గుర్తుందా? డజను అంటే 12 అయినట్టే, మోల్ అంటే 6.022 × 10²³. అదే అవగాడ్రో సంఖ్య. అన్నిటిని ఎవరు లెక్కపెడతారు అంటారా? తూస్తే చాలు. ఇక్కడి బ్యాంకుల్లో చిల్లర సంచులు తూస్తారు. పెన్నీ బరువు 3.56 గ్రాములు, కాబట్టి 356 గ్రాములు తూగితే 100 పెన్నీలున్నట్టు.

గ్లూకోజ్‌కీ అంతే. ఒక అణువులో 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్, మొత్తం 24 పరమాణువులు. వాటి భారాలు 72, 12, 96 కలిపితే 180. అందుకని 180 గ్రాముల గ్లూకోజ్ ఒక మోల్, 180 మిల్లీగ్రాములు ఒక మిల్లీమోల్. లీటరులో 180 ఉంటే, 100 మిల్లీలీటర్లలో 18. అందుకే ఇక్కడి అంకెని 18తో గుణిస్తే మనూరి అంకె వస్తుంది.

అత్తయ్యగారి 14 అంటే లీటరుకి 2.52 గ్రాములు, సుమారు అర టీస్పూను. 180తో భాగిస్తే 0.014 మోల్. దాన్ని అవగాడ్రో సంఖ్యతో గుణిస్తే 8.4 × 10²¹ అణువులు. ఒక్కో అణువులో 24 చొప్పున దాదాపు 2 × 10²³ పరమాణువులు. మన మాటల్లో 200 కోట్ల కోట్ల కోట్లు!

"అర చెంచాలో అన్నా!" అంటూ ఆవిడ బొబ్బట్టు పళ్లెంలో పెట్టేశారు. రోజూ వేసుకునే మాత్ర వేసుకున్నారు. నేను జీపీకి ఫోన్ చేశాను.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంది: 4 అంటే 72, 7 అంటే 126, 10 అంటే 180, 14 అంటే 252. మీరూ రాసి పెట్టుకోండి. ఇక్కడ 4 కన్నా తగ్గితే షుగర్ పడిపోయినట్టే చూస్తాం, అదీ గుర్తుంచుకోండి.

ఫోన్లో అమ్మనో అత్తయ్యనో షుగర్ ఎంత అని అడిగేటప్పుడు, అంకెతో పాటు దాని పక్కన ఏం రాసుందో కూడా చదవమనండి.