పాత జీపు కొన్నారా? ముందు బ్రేకులు చూడండి
సెకండ్‌హ్యాండ్ ఫోర్ వీల్ జీపు కొన్న రైతులు హంగుల జోలికి పోకుండా ముందు బ్రేకుల పని పట్టాలి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఇంజన్ ఆయిల్ చుక్క కూడా పోయరాదు. రబ్బరు కప్పులు ఉబ్బిపోయి బ్రేకులు చెడతాయి. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చుకోండి.

వాగులు దాటే బండైతే డిఫరెన్షియల్ ఆయిల్ చూడండి. పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే. దాన్ని దించేసి, సీళ్లు చూసుకుని కొత్తది పోయాలి.

ఫోర్ వీల్ గేరు బురదలో, ఇసుకలోనే వేయండి. తారు రోడ్డు మలుపుల్లో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఫోర్ వీల్‌లో ఉంటే అది కుదరక గేర్లపై భారం పడుతుంది.

బండి కింద దూరాలంటే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు నిలిపాకే దూరండి. జాకీ జారితే తప్పుకునే వ్యవధి ఉండదు.