పగటి పొద్దును లెక్కగట్టే అనప

చిక్కుడు కుటుంబానికి చెందిన కాయలను మూడు దశల్లో కోసుకోవచ్చు. గింజ కట్టకముందే కోస్తే తొక్కతో సహా కూరకు పనికివస్తాయి. తీగమీదే పూర్తిగా ఎండనిస్తే ఏడాది పొడవునా నిలవ ఉండే గింజలు చేతికి వస్తాయి. ఈ రెండింటి నడుమ, గింజ నిండుగా ముదిరి తొక్క మాత్రం ఇంకా పచ్చిగా ఉన్న కొద్ది రోజుల్లో ఒలుచుకుంటే మెత్తని, కమ్మని పచ్చిగింజ దొరుకుతుంది. యూరప్, అమెరికాల పెరటితోటల్లో తెల్ల బీన్స్‌ను ఈ నడిమి దశ కోసం కూడా పెంచుతారు. ఆ బీన్స్, మన అంగళ్లలో దొరికే రాజ్మా ఒకే జాతివి, అమెరికా ఖండంలో పుట్టినవి. చిలమత్తూరు పరిసరాల్లో పెరట్లోనూ వంటింట్లోనూ వాటి స్థానం అనపకాయలది.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన చిలమత్తూరు మండలం రాష్ట్రపు సరిహద్దున, కర్ణాటకలోని బాగేపల్లికి పొరుగున ఉంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగించడం వల్ల పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏటా 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందులోనూ నమ్మదగిన వాన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడుతుంది. ఆ వాన తడిని వేళ్లతో పట్టుకొని, చలికాలపు మంచులో పూచి కాచే అనప ఈ నేలకు కుదిరినంతగా మరే కూరగాయా కుదరదంటే అతిశయోక్తి కాదు. రాగిచేలో కొన్ని సాళ్లకొకటిగా అనుములు (అనపగింజలు) వేసే అలవాటు సరిహద్దుకు ఇరువైపులా పాతదే.

పందిరి చిక్కుడు, చేని అనప చూడటానికి వేరైనా శాస్త్రం దృష్టిలో రెండూ ఒకే జాతి. శాస్త్రజ్ఞులు దాన్ని లాబ్లాబ్ పర్ప్యూరియస్ అంటారు. తేడా తెలియాలంటే కాయను నిలువునా విప్పి చూస్తే చాలు. చిక్కుడులో గింజలు కాయ అంచుకు సమాంతరంగా పడుకొని ఉంటాయి, అనపలో అంచుకు అడ్డంగా ఇరుక్కొని ఉంటాయి. చిక్కుడును తొక్క కోసం, అనపను గింజ కోసం తరతరాలుగా ఏరుకుంటూ వచ్చారు. దీని అడవి రకాలు ఆఫ్రికావి. అయినా దక్షిణాదిలో దీని సాగు చాలా ప్రాచీనమనడానికి బళ్లారి దగ్గరి సంగనకల్లు నవీన శిలాయుగపు స్థలంలో దొరికిన మాడిన గింజలే సాక్ష్యం.

పెరట్లో అనప వేసేవారు అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది విత్తనపు స్వభావం. నాటు రకాలు పగటి పొద్దు తగ్గి రాత్రి పెరిగితేనే పూస్తాయి. ఇలాంటి మొక్కలను హ్రస్వదిన మొక్కలంటారు. జూన్‌లో విత్తినా ఆగస్టులో విత్తినా అవి దాదాపు ఒకే కాలంలో, కార్తీకపు చలి మొదలయ్యే వేళకు పూతకు వచ్చి, సంక్రాంతి ముందూ వెనకా కాపునిస్తాయి. అదే విత్తనాన్ని ఎండాకాలం మొదట్లో వేస్తే తీగ పందిరంతా కమ్ముకుంటుందే గాని పూత కనిపించదు, దానికి ఎరువును గాని నీటిని గాని నిందించి లాభం లేదు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన హెబ్బాళ అవరె-3, హెబ్బాళ అవరె-4 (అవరె అంటే కన్నడంలో అనప) వంటి పొట్టి రకాలకు ఈ పట్టింపు లేదు. ఏ కాలంలో వేసినా సుమారు రెండున్నర నెలల్లో పచ్చికాయ ఇస్తాయి కాబట్టి కుండీలకూ చిన్న మడులకూ అవే అనువు.

దడి పక్కన మూరెడు, రెండు మూరల ఎడంతో పాదులు తీసి, మాగిన పశువుల ఎరువు కలిపి, పాదుకు రెండు మూడు గింజలు వేస్తే చాలు. నత్రజని ఎరువు అక్కరలేదు. పైగా ఎక్కువైతే ఆకు బలిసి కాయ తగ్గుతుంది. పూతకు ముందు ఒక మొక్కను మెల్లగా పెకలించి వేళ్ల మీది బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబి రంగు కనిపించాలి. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా అక్కడ పనిచేస్తోందనడానికి అదే గుర్తు. లేత కొనలకు నల్లని పేనుబంక, గింజకు కాయతొలుచు పురుగు ప్రధాన శత్రువులు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, సాయంత్రం వేళ చల్లితే చాలావరకు అదుపులో ఉంటాయి.

నాణ్యమైన అనపకాయను పట్టుకుంటే చేతికి సన్నని జిడ్డు అంటుతుంది. తొక్క మీద ఊరే కొవ్వు ఆమ్లాల వల్ల వచ్చే ఘాటైన వాసన చలిలో మరింత పెరుగుతుంది. కొన్ని పొట్టి రకాలకు ఇది తక్కువని కొనుగోలుదారులు పెదవి విరవడం న్యాయమే. కాయలను అలాగే ఉప్పు వేసి ఉడకబెట్టి తినవచ్చు, గింజలు ఒలిచి పులుసు పెట్టవచ్చు, ఉప్మాలో కలపవచ్చు. అయితే ఈ పంటకు పట్టాభిషేకం పితికిపప్పుతోనే. ఒలిచిన గింజలను ఒక పూట నీళ్లలో నానేసి, ఒక్కొక్క దాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నొక్కితే తోలు వేళ్ల మధ్య మిగిలి, తెల్లని పప్పు జారి గిన్నెలో పడుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుంటే తప్ప తెమలని ఈ పనికి ప్రతిఫలం, ధనియాలు, ఎండుమిర్చి, కొబ్బరి, వెల్లుల్లి నూరి పెట్టిన పులుసులో తేలే ఆ పప్పు, పక్కన వేడివేడి రాగిముద్ద. బెంగళూరులో ఏటా చలికాలంలో జరిగే అవరెబేళె మేళలో దోసె మొదలు తీపి దాకా అన్నిట్లోనూ ఈ పప్పే కనిపిస్తుంది.

ఎండు అనుముల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. సయనైడును విడుదల చేయగల పదార్థాలు, జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు వాటిలో ఉంటాయి. కాబట్టి రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించాలి. ముదురు రంగు గింజల విషయంలో ఈ నియమాన్ని మరీ కచ్చితంగా పాటించాలి. విత్తనానికి మొదటి కోతల్లోని నిండు కాయలను తీగమీదే ఎండనిచ్చి, పుచ్చు పట్టకుండా బూడిద కలిపి మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచుకుంటే మరుసటి ముంగారుకు సిద్ధంగా ఉంటుంది.