ఉహుద్ తరువాత వచ్చిన ఆదేశం

 

దివ్య ఖుర్ఆన్‌లోని 42వ సూరా పేరు 'అష్‌షూరా'. సంప్రదింపులు అని దాని అర్థం. తమ వ్యవహారాలను పరస్పరం సంప్రదించుకొని నడుపుకోవడం విశ్వాసుల లక్షణమని ఆ సూరా తెలుపుతోంది. నమాజును, దానధర్మాలను ప్రస్తావించిన ఆయతులోనే, ఆ రెంటి నడుమ, ఈ మాట ఉండటం గమనార్హం.

అయినా గ్రామసభ అని చాటింపు వేసిన రోజున మనలో ఎందరం వెళ్తున్నాం? "ఒకసారి వెళ్లాం, మా మాట చెల్లలేదు" అని ఇంట్లో కూర్చుంటాం. మరునాడు టీకొట్టు దగ్గర మాత్రం మనమే అందరికన్నా గట్టిగా మాట్లాడతాం. మాట చెల్లకపోవడం అటుంచి, మాట చెల్లిన తరువాత కూడా నష్టమే ఎదురైన సందర్భం ఒకటి మన చరిత్రలో ఉంది.

హిజ్రీ 3వ సంవత్సరంలో సుమారు 3,000 మంది మక్కా సైన్యం మదీనాపైకి వచ్చింది. పట్టణంలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (స) అభిప్రాయం. బద్ర్‌లో పాల్గొనే భాగ్యం దక్కని యువకులు బయటికి వెళ్లి పోరాడాలని పట్టుబట్టారు. అధికులు అటే మొగ్గారు. ఆయన తన అభిప్రాయాన్ని పక్కనపెట్టి కవచం ధరించారు. తాము ఒత్తిడి చేశామని బాధపడి, "మీ ఇష్టప్రకారమే కానివ్వండి" అని వారు విన్నవించుకున్నా, నిర్ణయం జరిగిపోయింది గనుక ఆయన వెనుదిరగలేదు. దారిలో అబ్దుల్లా బిన్ ఉబై తన మాట వినలేదన్న సాకుతో సుమారు 300 మందిని వెంటబెట్టుకొని వెనక్కి మళ్లాడు. కొండపై నిలిపిన 50 మంది విలుకాండ్రలో అధికులు తమ స్థానం వదిలారు. ఆ రోజు సుమారు 70 మంది షహీద్ అయ్యారు. దైవప్రవక్త (స) స్వయంగా గాయపడ్డారు.

ఇక వీరిని అడగవలసిన పని లేదని ఎవరికైనా అనిపించే ఘడియ అది. కాని ఆ సంఘటనను విశ్లేషిస్తూ అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా ఆయతులలో వచ్చిన ఆదేశం దానికి పూర్తిగా భిన్నమైనది. వారిని మన్నించమని, వారి కోసం క్షమాపణ వేడమని, వ్యవహారాలలో వారిని సంప్రదించమని, నిర్ణయించుకున్నాక అల్లాహ్‌పై భారం వేయమని. దైవవాణి అందుకొనే ప్రవక్తకే ఈ ఆజ్ఞ వచ్చిందంటే, మస్జిద్ కమిటీ అధ్యక్షునికి, సర్పంచికి మినహాయింపు ఎక్కడిది?

ఆ తరువాత కందకం తవ్వాలన్న ఆలోచన పర్షియా నుండి వచ్చిన హజ్రత్ సల్మాన్ (రజి)ది. హుదైబియాలో సహచరులు దుఃఖంతో కదలక నిలిచినప్పుడు మార్గం సూచించినది హజ్రత్ ఉమ్మె సలమా (రజి). మన సమావేశాలలో స్త్రీల మాట వినిపించకపోవడానికి ధర్మాన్ని సాకుగా చూపేవారు ఈ రెండవ సంఘటనను మరోసారి చదవాలి.

మన దేశంలో సంప్రదింపులకు చట్టమే తలుపు తెరిచి ఉంచింది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తీ గ్రామసభ సభ్యుడే. ఎవరి పిలుపు కోసమూ వేచి ఉండనక్కరలేదు. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలలో వార్డు కమిటీలు ఉండాలని 74వ సవరణ నిర్దేశించింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనుల సామాజిక తనిఖీని గ్రామసభకే అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి ఈ తనిఖీలు మొదలయ్యాయి. హాజరుపట్టీలోని పేర్లను జనం ముందు బిగ్గరగా చదివితే, పనికి పోనివారి పేరు రాసి ఉన్నా, చేసినవారి కూలి తగ్గించి రాసినా అక్కడికక్కడే తెలుస్తుంది. అయితే ఆ పేరుగల మనిషి లేచి నిలబడి చెప్పాలి. సాక్ష్యాన్ని దాచవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది కదా!

మనలో మరో లోపం ఉంది. ఖబ్రస్తాన్ ప్రహరీ విషయం వచ్చిన రోజున గుంపుగా వెళ్తాం. అది అవసరమే. కాని పక్క వాడలో కొళాయి రాని ఇళ్ల గురించి, కప్పు కురుస్తున్న బడి గురించి మాట్లాడేటప్పుడు మనం కనిపించం. పొరుగువారి హక్కు గురించి ఇదే మింబర్ నుండి ఎన్ని జుమాలలో విన్నాం!

వచ్చే గ్రామసభకు వెళ్లేటప్పుడు అడగదలచినది ఒక కాగితంపై రాసుకొని వెళ్దాం. కోపంతో కాక, పేర్లతో, లెక్కలతో మాట్లాడదాం. తీర్మానం మనకు నచ్చనిదైతే మన అభ్యంతరాన్ని నమోదు చేయించి, అందరితోపాటు పనిలో చేరుదాం. అబ్దుల్లా బిన్ ఉబై వలె దారిలో వెనక్కి మళ్లవద్దు. ఇంటికి తెచ్చిన రిజిస్టరులో సంతకం పెట్టవద్దు. సభలోనే, తీర్మానాల పుస్తకంలో ఏమి రాశారో చదివి, ఆ తరువాతే పెడదాం.