దేహచిత్రము – గూఢముద్ర



మా కార్వాన్ పేట పురానాపూలునుండి గోలకొండకు బోవు దారిలో నున్నది. కుతుబ్‌షాహీల కాలమున నిచట వజ్రవర్తకు లుండెడివారు. విలువగల మూటకు లక్కముద్ర వేయుట వర్తకుల మర్యాద. నేడు వజ్రముకంటె విలువైన మూట యొకటి ఆకాశమార్గమున పయనించుచున్నది. అది రోగి దేహచిత్రము.

చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరమున దూరవైద్యకేంద్రము వెలసినది. పల్లెలోని రోగి ఎక్స్‌రేను పట్టణమందలి డాక్టరు తన చోటనుండియే పరికింపగలిగెను. నేడా సౌకర్యము చేతి ఫోనువరకు వచ్చినది.

యంత్రము చిత్రమును అంకెల వరుసగా మార్చి పంపును. ఆసుపత్రులలో వాడు డైకామ్ పద్ధతియందు రోగి పేరు, వయస్సు మొదలగునవి చిత్రముతోనే చేరియుండును. పైకి కనబడకున్నను లోపల నుండవచ్చును. కావున దీనికి రెండు రక్షలు ముఖ్యములు.

మొదటిది గూఢీకరణము. అంకెలను తారుమారు చేసి పంపుదురు. తాళపుచెవి లేనివానికి అవి అర్థము కావు. తాళము నెల్లరకు పంచవచ్చును, తెరచు చెవి మాత్రము డాక్టరుయొద్దనే యుండును.

రెండవది అంకముద్ర. చిత్రములోని అంకెలన్నిటిని గణించి యొక సంఖ్యను రాబట్టి, పంపువారి సంతకముతో జతచేయుదురు. దారిలో నొక్క చుక్క మారినను సంఖ్య సరిపడదు. ఇది వట్టి భయము కాదు. 2019లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఊపిరితిత్తుల చిత్రములలో లేని గడ్డలను చేర్చి, ఉన్నవానిని చెరిపి, అనుభవజ్ఞులైన డాక్టర్లనే భ్రమింపజేసిరి. అట్టి చిత్రమును నమ్మినచో రోగి ప్రాణమునకే ముప్పు.

అయితే తాళమెంత గట్టిదైనను మన చేయి జారిన ఫలములేదు. నేనొకసారి నా ఛాతీచిత్రమును డాక్టరుకు పంపబోయి, తొందరపాటున బంధువుల వాట్సాప్ గ్రూపులో వేసితిని. సాయంకాలమునకే నాకు క్షయ యని వార్త పుట్టెను. మనుమరాలి సంబంధమునకై మాటలాడుచున్నవారు వెనుకకు జరిగిరి. నాకున్నది పాత దగ్గు మాత్రమే! వాట్సాపు గూఢీకరణము దారిదొంగను ఆపునుగాని, మూటను నేనే పదిమంది చేత బెట్టిన నేమి చేయగలదు?

కావున పంపుటకు ముందు పేరును రెండుమారులు సరిచూడుడు. అంగడిలోని కంప్యూటరునందు చిత్రమును విడిచి రాకుడు. ఫోనునకు వచ్చిన ఓటీపీ నితరులకు చెప్పకుడు. చిత్రమెవరికి బోవుచున్నదో, ఎవరెవరు చూతురో ఆరోగ్యకేంద్రమువారిని అడుగుడు; అది రోగి హక్కు.

చదువురానివారు ఫోను బట్టుకొని మీయొద్దకే వత్తురు. వారి దేహరహస్యము మీచేత నుంచిన నిక్షేపము. నిక్షేపమును చెక్కుచెదరకుండ నప్పగించుట పెద్దల ధర్మమని మనవి చేసి విరమించుచున్నాను.