పాటకూ పాటకూ నడుమ

కీర్తనల గ్రంథాన్ని బిగ్గరగా చదివేవారు ఒక మాట దగ్గర తప్పకుండా తడబడతారు. అది ‘సెలా’. కొందరు దాన్ని కూడా వాక్యంలో కలిపి చదివేస్తారు. కొందరు చూసీచూడనట్టు దాటేస్తారు. ఈ మాట 39 కీర్తనల్లో 71 సార్లు, హబక్కూకు గ్రంథం మూడో అధ్యాయంలో మరో మూడు సార్లు కనిపిస్తుంది. దాని అర్థం ఇదీ అని పండితులు ఈనాటికీ ఒక్క మాట మీదికి రాలేదు. అయితే క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం మొదలుకొని యూదులు తమ లేఖనాలను గ్రీకులోకి మార్చుకున్నప్పుడు ‘సెలా’ ఉన్నచోట ‘డయాప్సాల్మా’ అని రాసుకున్నారు. గానం ఆగినప్పుడు నడుమ వచ్చే విరామం అని ఆ మాటకు అర్థం చెబుతారు. పైగా ఆ 39 కీర్తనల్లో 31 కీర్తనలు ‘ప్రధాన గాయకునికి’ అప్పగించినవే. చదువరి కోసం కాక, పాడేవాళ్లకూ వాయించేవాళ్లకూ రాసిన సూచనే ఇదని నమ్మడానికి ఇంతకంటే ఏం కావాలి? ఎక్కడ పాడాలో చెప్పిన గ్రంథమే ఎక్కడ ఆగాలో కూడా చెప్పిందన్నమాట!

ఇక మన సభల సంగతి చూద్దాం. నంద్యాల జిల్లా రుద్రవరం చుట్టుపక్కలవి నల్లమల అంచున, తెలుగుగంగ కాలువ పారే పల్లెలు. మిరప కోతలకు, పత్తి ఏరడానికి పోయినవాళ్లు ఇల్లు చేరి, వంటా స్నానం ముగించుకొని వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. షామియానా కింద కీబోర్డు, ఆక్టోప్యాడ్, బేస్ గిటారు, డోలక్, నలుగురైదుగురు గాయకులు సిద్ధంగా ఉంటారు. పిల్లలు బాగా వాయిస్తారు. అందులో సందేహం లేదు. వారమంతా డిగ్రీ కాలేజీకో, మెకానిక్ షెడ్డుకో వెళ్లి, శనివారం రాత్రి నిద్ర మానుకొని సాధన చేసే పిల్లలు వీళ్లు.

చిక్కంతా పాట ముగిశాక మొదలవుతుంది. పాట ఆగీ ఆగకముందే నాయకుడు మైకు అందుకుంటాడు. ‘హల్లెలూయా’ అనమంటాడు. అంటారు. చాలలేదు, ఇంకా గట్టిగా అనమంటాడు. పక్కనున్నవారి చెయ్యి పట్టుకొని ఒక మాట చెప్పమంటాడు. చప్పట్లు కొట్టమంటాడు. ఈలోగా వెనకాల గిటారు తీగ బిగించుకుంటుంటారు, ఆక్టోప్యాడ్ మీద బీటు మారుతుంటుంది. ‘ఏ స్కేలన్నా?’ అనే గుసగుస మైకులోంచి ఊరంతా వినబడుతుంది. నిజం చెప్పాలంటే ఆ హల్లెలూయాల్లో సగం దేవుని కోసం వచ్చినవి కావు, గిటారు తీగ కోసం వచ్చినవి!

ఇక్కడ రెండు రకాల ఖాళీలు కలగలిసిపోతున్నాయి. ఒకటి సిద్ధపాటు లేక ఏర్పడిన ఖాళీ. రెండోది దేవుని ముందు నిలబడడానికి కావాల్సిన ఖాళీ. మొదటిదాన్ని పూడ్చాలి. రెండోదాన్ని కాపాడాలి. మనం మాటలు గుమ్మరించి రెండింటినీ ఒకే దెబ్బతో పూడ్చేస్తున్నాం.

మొదటి ఖాళీని పూడ్చే విద్య మన నేలకు కొత్తేమీ కాదు. పొరుగున ఉన్న కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటకాలనే తీసుకోండి. తెరలు మారేంతసేపూ ప్రేక్షకుణ్ణి పట్టి ఉంచేది హార్మోనియం, తబలాలే. బుర్రకథలో కథకుడు గుక్క తిప్పుకోవాలంటే పక్కనున్న ఇద్దరు వంతలు అందుకుంటారు. ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు లోకం పోకడ చెబుతారు. కథ చెడదు, ఊపిరీ దొరుకుతుంది. హరిదాసులైతే పిట్టకథ ఎత్తుకుంటారు. కచేరీలో ఒక కృతి ముగిసి మరొకటి మొదలయ్యేదాకా తంబురా ఆగదు. వీటిలో ఎవరూ ‘ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టండి’ అని జనాన్ని అదిలించలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో ముత్యాలపాడు, నంద్యాల కేంద్రాలుగా ఎస్పీజీ మిషనరీలు ఈ ప్రాంతానికి తెచ్చిన ఆంగ్లికన్ ఆరాధన క్రమంలో ఈ సమస్య పెద్దగా లేదు. కీర్తన తర్వాత త్రిత్వ స్తుతి, ఆ పైన లేఖన పాఠం, మళ్లీ గీతం, విన్నపాలు. ఎవరు ఎప్పుడు ఏమి పలకాలో పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం పక్కనబెట్టి స్వేచ్ఛగా ఆరాధించుకునే సంఘాలకు స్వేచ్ఛతోపాటు ఈ బాధ్యత కూడా వచ్చి పడింది. పుస్తకం చేసే పనిని ఇప్పుడు పాటల నాయకుడు చేయాలి. సభకు వచ్చాక కాదు, రాకముందే చేయాలి.

కీబోర్డు వాయించే తమ్ముళ్లకు ఒకటి రెండు సంగతులు చెబుతాను. పాటల వరుస ముందే రాసుకోండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల పైన రాగం, తాళం అచ్చు వేసింది అలంకారానికి కాదు. ఒకే శ్రుతిలో పాడగలిగే పాటలను పక్కపక్కన పెట్టుకుంటే సగం తిప్పలు తప్పుతాయి. శ్రుతి మార్చక తప్పదనుకోండి. మొదటి పాట రెండు శ్రుతిలో ముగిసింది, తర్వాతది మూడు శ్రుతిలో మొదలవ్వాలి. అప్పుడు మూడుకు పంచమమైన ఏడు శ్రుతి కార్డ్‌ను మెల్లగా పట్టి ఉంచి, దాని మీదినుంచి మూడుకు రండి. ఎవరూ ‘సా’ అని అందించకుండానే జనం గొంతు దానంతటదే ఆ శ్రుతిలోకి దిగుతుంది. ఆ నడుమ స్ట్రింగ్స్ శబ్దం మీద ఒకటే కార్డ్ నిలకడగా వినిపిస్తే చాలు. వేళ్లు పరిగెత్తనవసరం లేదు. ఆక్టోప్యాడ్ తమ్ముడు చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చోవడం కూడా వాయించడంలో భాగమే.

వాద్యం ఇలా అడుగున నిలిచి ఉండడం బైబిలుకు కొత్త కాదు. ముగ్గురు రాజులు వచ్చి దేవుని మాట అడిగినప్పుడు ఎలీషా ప్రవక్త ముందుగా వీణె వాయించేవాణ్ణి పిలిపించుకున్నాడు. అతడు వాయిస్తుండగా దేవుని హస్తం ప్రవక్త మీదికి వచ్చింది (2 రాజులు 3:15). ఆ వాద్యకారుడి పేరు కూడా అక్కడ లేదు.

పేరున్నవాళ్లకూ ఈ విషయంలో చీవాట్లు తప్పలేదు. జర్మనీలోని ఆర్న్‌స్టాట్ పట్టణంలో ఇరవయ్యేళ్ల ఆర్గాన్ వాద్యకారుడు ఒకడుండేవాడు. బుక్స్‌టెహూడే అనే పెద్ద విద్వాంసుణ్ణి వినడానికి నాలుగు వారాల సెలవు మీద ల్యూబెక్ వెళ్లి, దాదాపు నాలుగు నెలలు ఉండిపోయాడు. తిరిగొచ్చాక 1706 ఫిబ్రవరిలో చర్చి అధికారులు అతణ్ణి పిలిచి నిలదీశారు. సెలవు మాట ఒక్కటే కాదు, కీర్తనలకు వింత వింత స్వరాలు కలిపి సంఘాన్ని గందరగోళపెడుతున్నాడన్నది మరో ఫిర్యాదు. ఇంకొకటి కూడా ఉంది. మొదట్లో మరీ ఎక్కువసేపు వాయించేవాడట. అదేమని అడిగితే మరీ తక్కువకు తగ్గించేశాడట! ఆ కుర్రవాడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. ఆయన ప్రతిభ ముందు ఆ అధికారులు ఎవరికీ గుర్తు లేరు, నిజమే. కానీ ఆ రోజు పాడలేక తికమకపడిన సంఘం పక్షాన మాట్లాడింది వాళ్లే. ఈ ఒక్క సంగతిలో నేను వాళ్ల వైపే ఉంటాను.

ఇక రెండో ఖాళీ. దీని గురించి నాకు వేదాంత కళాశాల పుస్తకాలు చెప్పినదానికంటే మా సంఘంలోని ఒక తల్లి చెప్పింది ఎక్కువ. ఆమెకు అరవై దాటి ఉంటాయి. కొడుకు బేల్దారి పనికని బెంగళూరు పోయి ఆరు నెలలైంది. ఫోను లేదు. ఒక రాత్రి సభ ముగిశాక నా దగ్గరికి వచ్చి, “అయ్యగారూ, పాటలు బాగుండాయి. పాటకూ పాటకూ మధ్యన ఆ పిల్లోడు రోంతసేపు గమ్మునుంటే నా మాట నేను దేవునికి చెప్పుకుంటా గదా” అంది. “ఇంట్లో కూకుంటే నాకు మాటే రాదు. పాట పాడితే గొంతు ఇప్పుకుంటాది. ఇప్పుకునేసరికి ఆయన మైకు తీసుకుంటాడు.”

పాట ఏం చేస్తుందో ఇంతకంటే బాగా చెప్పినవారిని నేను చూడలేదు. పాట తలుపు తెరుస్తుంది. తెరిచిన తలుపులోంచి మనిషి లోపలికి వెళ్లాలి కదా! గుమ్మంలోనే నిలబడి మనం ఆమెతో మాట్లాడుతూ ఉంటే ఎలా?

యెరూషలేము దేవాలయంలో దీనికొక ఏర్పాటు ఉండేది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నా గ్రంథం దాన్ని వివరంగా వర్ణిస్తుంది. బలి అర్పణ సమయంలో తాళాలు మోగగానే లేవీయులు ఆ రోజు కీర్తన అందుకునేవారు. కీర్తన భాగాలుగా ఉండేది. ఒక్కో భాగం ముగియగానే బూరలు ఊదేవారు. బూర వినగానే జనమంతా సాష్టాంగపడేవారు. మళ్లీ గానం, మళ్లీ విరామం, మళ్లీ సాష్టాంగం. చూశారా, పాడేది లేవీయులు, ఆ నడిమి ఖాళీ మాత్రం జనానిది! దాన్ని నింపింది గాయకుల మాటలు కావు, నేలకు ఆనిన జనం నుదుళ్లు.

‘సెలా’ మొట్టమొదట కనిపించే మూడో కీర్తన చూడండి. కన్నకొడుకు అబ్షాలోముకు భయపడి దావీదు పారిపోతున్నప్పటి కీర్తన అది. తలమీద ముసుగు వేసుకొని, చెప్పులు లేకుండా, ఏడుస్తూ ఒలీవ కొండ ఎక్కాడని సమూయేలు గ్రంథం చెబుతుంది (2 సమూయేలు 15:30). వీడికి దేవుడి దగ్గర కూడా దిక్కులేదని చాలామంది అంటున్నారని రెండో వచనంలో చెప్పుకుంటాడు. అక్కడ ‘సెలా’. మూడో వచనంలో మాట మారిపోతుంది, దేవుడే తనకు కేడెమంటాడు. జనం అన్న మాటకూ దావీదు అన్న మాటకూ నడుమ ఏం జరిగిందో కీర్తన చెప్పదు. అక్కడ ఉన్నది ఆ ఒక్క విరామమే. కొడుకు కోసం ఏడ్చే తండ్రి కీర్తనలో ఉన్న ఆ విరామాన్నే, కొడుకు కోసం ఏడ్చే ఈ తల్లి నన్ను అడిగింది.

ఆమె మాట మా పాటల నాయకుడికి చెప్పాను. అతడు తల గోక్కున్నాడు. “గమ్మునుంటే జనం లేచిపోతారయ్యగారూ. మేం పాట మర్చిపోయామనుకుంటారు” అన్నాడు. అతని భయం కొట్టిపారేయదగ్గది కాదు. చెప్పకుండా వచ్చిన నిశ్శబ్దం జనాన్ని కంగారు పెడుతుంది. అందుకే ఒక్క మాట ముందు చెప్పాలి: ఇప్పుడు కాసేపు ఎవరికి వారే ప్రభువుతో మాట్లాడుకుందాం అని. అంతే, మళ్లీ మైకు జోలికి పోకూడదు. యువతరం నిశ్శబ్దాన్ని భరించలేదనేది కూడా పూర్తి నిజం కాదు. ఫ్రాన్స్‌లోని తేజే గ్రామంలో 1940లో బ్రదర్ రోజే మొదలుపెట్టిన సహవాసానికి దేశదేశాల నుంచి యువతీయువకులు వెళ్తారు. అక్కడి ప్రార్థనల్లో చిన్న చిన్న పాటల నడుమ నిమిషాల తరబడి మౌనం ఉంటుంది. నేలమీద కూర్చొని పాడతారు, నేలమీదే కూర్చొని మౌనంగా ఉంటారు.

తర్వాతి ఆదివారం సాయంత్రం మా పిల్లలు ప్రయత్నించారు. మూడో పాట తర్వాత కీబోర్డు మీద ఒక కార్డ్ మెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది. ఎవరో దగ్గారు. ఒక పసిబిడ్డ ఏడ్చింది. బయట ట్రాక్టర్ పోతున్న చప్పుడు. నాయకుడి చెయ్యి రెండుసార్లు మైకు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఇరవై సెకన్లు గడవడం ఇంత కష్టమని అతనికి ఆరోజే తెలిసి ఉంటుంది. నాలుగైదు వారాలకు ఆ ఇరవై సెకన్లు నిమిషం దాకా వెళ్లాయి.

అందరికీ నచ్చలేదు. సంఘ పెద్దల్లో ఒకాయన, “ఇదేం ఆరాధన, కరెంటు పోయినట్టుంది” అన్నారు. ఆయనకు ప్రకటన గ్రంథం తీసి చూపించాను. ఏడో అధ్యాయంలో లెక్కించలేనంత జనసమూహం, దూతలు, పెద్దలు గొంతెత్తి స్తుతిస్తారు. ఎనిమిదో అధ్యాయం మొదటి వచనంలో పరలోకమంతా ఇంచుమించు అరగంట నిశ్శబ్దమైపోతుంది. ఆ వెంటనే కనిపించేదేమిటి? పరిశుద్ధుల ప్రార్థనలు ధూపంతో కలిసి దేవుని సన్నిధికి లేవడం (ప్రకటన 8:3,4). ఆయన కళ్లజోడు సవరించుకొని రెండుసార్లు చదివి, “అరగంట మాత్రం పెట్టకండి అయ్యగారూ, ముసలివాళ్లం” అన్నారు.

అరగంట పెట్టలేదు. పాటల చీటీలో మూడో పాట కింద మా పిల్లలు ఇప్పుడు ‘సెలా’ అని రాసుకుంటున్నారు. ఒక్కోసారి ముప్పై సెకన్లు, ఒక్కోసారి నిమిషం. ఆ కాసేపట్లో ఎవరు ఏం చెప్పుకుంటారో మాకు తెలియదు. బెంగళూరు నుంచి ఇంకా ఫోను రాలేదని, ఆ తల్లి మాత్రం ప్రతి ఆదివారం వస్తోందని తెలుసు.