గుంటల్లో ఎర్రగింజలు

"టీచర్, మా అమ్మకీ నాన్నకీ షుగర్. మరి నా ఒంట్లో కూడా ఇన్సులిన్ తక్కువే ఉంటుందా?" తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. జవాబు కంటే ముందు, రక్తంలో ఇన్సులిన్‌ని కొలవడం ఎలా సాధ్యమైందో చూపించాలనిపించింది.

మర్నాడు వామనగుంటల పీట పట్టుకెళ్లాను. గుంటలు 14, గుంటకి ఒక్క గింజే. ఎర్రరంగు పూసిన చింతగింజలు 14, మామూలువి 14 సంచిలో కలిపి, కళ్లు మూసుకుని నింపమన్నాను. ఎర్రవి ఏడు పడ్డాయి. ఈసారి మామూలువి 42 పోశాను. ఎర్రవి మూడే!

"అయితే ఎర్రవి లెక్కపెడితే సంచిలో మామూలువి ఎన్నో తెలిసిపోతుంది" అందా అమ్మాయి.

రక్తంలో ఇన్సులిన్‌ని కొలిచే రేడియోఇమ్యునోఎస్సే పద్ధతి అంటే అదే. గుంటలు ఇన్సులిన్‌ని పట్టి ఉంచే యాంటీబాడీలు. ఎర్రగింజలు రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన ఇన్సులిన్. మామూలువి మన రక్తంలోని ఇన్సులిన్. మనది ఎంత ఎక్కువుంటే, గుంటల్లో రేడియోధార్మికత అంత తక్కువ. పరగడుపున మిల్లీలీటరు రక్తంలో గ్రాములో వందకోట్లో వంతైనా ఉండని పదార్థం, తాను పక్కకి నెట్టినవాటి లెక్కతో దొరికిపోయింది. ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ గుంటలు న్యూయార్క్‌లో, బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో దొరికాయి. భౌతికశాస్త్రవేత్త రోజలిన్ యాలో, వైద్యుడు సాలమన్ బెర్సన్ అక్కడ కలిసి పనిచేశారు. పెద్దయ్యాక వచ్చే షుగర్‌లో ఇన్సులిన్ త్వరగా నాశనమైపోతుందని అప్పట్లో ఒక వాదన. వీళ్లు చూస్తే, ఇన్సులిన్ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ల రక్తంలో అది ఇంకా ఎక్కువసేపు నిలుస్తోంది! ఇంజెక్షన్లలోని పశువుల ఇన్సులిన్ మీద ఒళ్లు యాంటీబాడీలు తయారుచేసి, దాన్ని పట్టి ఉంచుతోంది. అంత చిన్న ప్రోటీన్‌కి యాంటీబాడీలేమిటని పత్రికలు నమ్మలేదు. శీర్షికలో ఆ మాట తీసేశాకే 1956లో వ్యాసం అచ్చయింది. ఒక పత్రిక పంపిన తిరస్కరణ ఉత్తరాన్ని యాలో దాచి, 1977లో నోబెల్ ప్రసంగంలో చూపించారు. బెర్సన్ 1972లోనే పోయారు. అలాంటి యాంటీబాడీలతో ఇన్సులిన్‌ని కొలిచే తమ పద్ధతికి ఇద్దరూ పేటెంట్ తీసుకోలేదు.

తర్వాత 1967లో షికాగోలో డొనాల్డ్ స్టైనర్ ఇన్సులిన్‌కి ముందు రూపమైన ప్రోఇన్సులిన్‌ని కనుక్కున్నారు. అది తెగితే ఇన్సులిన్‌తో పాటు సీ-పెప్టైడ్ వస్తుంది. సీ-పెప్టైడ్‌ని కాలేయం దాదాపు ముట్టదు కాబట్టి, క్లోమం ఇన్సులిన్‌ని ఎంత తయారుచేస్తోందో ఇదే బాగా చెబుతుంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. తల్లిదండ్రులిద్దరికీ టైప్ 2 షుగర్ (సాధారణంగా పెద్దయ్యాక వచ్చే రకం) ఉన్న 155 మందిని బోస్టన్‌లోని జోస్లిన్ మధుమేహ కేంద్రం పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించి 1990లో ఫలితాలు ప్రకటించారు. తర్వాత షుగర్ వచ్చినవాళ్లకి, అది రావడానికి పదేళ్ల పైచిలుకు ముందే, ఇన్సులిన్ ఎక్కువగా ఉంది. ఒళ్లు దాని మాట సరిగ్గా వినక, క్లోమం అదనంగా పోస్తూ వచ్చింది. ఆ 155 మందిలో ఎక్కువమందికి మాత్రం, గమనించినన్నాళ్లూ, షుగర్ రానేలేదు.