రక్తం తిరిగొచ్చినప్పుడు

హోసూరులో మా వీధి కొళాయికి మూడు రోజులు నీళ్లు రాక, నాలుగో రోజు వస్తే ముందు బుస్సుమని గాలి, ఆ వెనక తుప్పు నీళ్లు. ఒక్కోసారి పాత పైపు అతుకే ఊడిపోతుంది. మా పెద్దమ్మకు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశాక డాక్టరుగారు, "రక్తం ఆగినందుకు కొంత దెబ్బ, తిరిగి పారినందుకు ఇంకొంత" అన్నారు. నాకు ఆ కొళాయే గుర్తొచ్చింది. రక్తం తిరిగి రావడం మంచిదే కదా, దెబ్బ ఎలా అవుతుంది? ఆ సందేహంతో చదివినదే ఇక్కడ రాస్తున్నాను.

రక్తనాళం వట్టి గొట్టం కాదు. దాని లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే అమెరికా శాస్త్రవేత్త, కుందేలు ధమని ముక్కల మీద ఈ పొరను రుద్దేస్తే, మామూలుగా నాళాన్ని సడలించే మందు కూడా పనిచేయదని చూపించాడు. అంటే పొర నుంచే ఏదో వెలువడుతోంది. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. ఇందుకు 1998లో ఆయనతో కలిపి ముగ్గురికి నోబెల్ వచ్చింది. ఆ వాయువు నాళాన్ని వెడల్పు చేస్తుంది, తెల్లకణాలు గోడకు అతుక్కోకుండా చూస్తుంది.

రక్తం ఆగితే ఆ పొర ఆక్సిజన్ లేక అల్లాడుతుంది. ఒక్కసారిగా ఆక్సిజన్ వచ్చిపడితే, అప్పటికే చెదిరిన కణాలు దాన్ని సరిగా వాడుకోలేక హానిచేసే రూపాల్లోకి మారుస్తాయి. అవి నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తాయి. గోడ జిగురెక్కుతుంది, వాస్తుంది. పెద్ద నాళం తెరుచుకున్నా చిన్న నాళాల్లో రక్తం సరిగా పారకపోవచ్చు.

ఊబకాయం ఉన్నవాళ్లకు చిక్కు ఇక్కడే. పొట్ట కొవ్వు ఊరికే మూటలా పడి ఉండదు. వాపు పుట్టించే పదార్థాలను, కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. దాంతో నైట్రిక్ ఆక్సైడ్ ముందే తగ్గిపోయి, దెబ్బ తగలకముందే పొర అలసిపోయి ఉంటుంది. మన దేశంలో ఆడవాళ్లకు నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. ఎవరినీ వెక్కిరించడానికి చెప్పడం లేదు, సన్నగా కనిపించేవాళ్లలోనూ పొట్ట కొవ్వు ఉంటుంది.

మరి కాపాడుకోవడం ఎలా? 1986లో కుక్కల మీద ఒక విచిత్రమైన ప్రయోగం చేశారు. గుండె నాళాన్ని ఐదేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు మూసి తెరిచి, ఆ తర్వాత 40 నిమిషాలు మూశారు. ముందు అలా అలవాటు చేసిన గుండెల్లో పాడైన భాగం, చేయనివాటితో పోలిస్తే నాలుగో వంతే! దీన్నిబట్టి బీపీ పట్టీతో చేతిని బిగించి వదిలితే గుండెకు రక్షణ దొరుకుతుందేమోనని ఆశపడ్డారు. ఐదు వేల మందికి పైగా గుండెపోటు రోగులతో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2019లో వచ్చింది, లాభం కనబడలేదు. కాబట్టి ఇంట్లో ఎవరూ చేతికి తాడు కట్టుకోకండమ్మా.

నడక సంగతి వేరు. రక్తం వేగంగా పారేటప్పుడు గోడకు తగిలే రాపిడే నైట్రిక్ ఆక్సైడ్ చేయమని పొరకు చెబుతుంది. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే కాళ్ల నాళాల్లో ఆ శక్తి తగ్గుతుంది. బరువు తగ్గకపోయినా వ్యాయామంతో నాళాలు మెరుగవుతాయి. పెద్దమ్మ రోజూ సాయంత్రం నడిచొచ్చి, "మిషను ముల్లు కదలదేమే?" అని విసుక్కుంటుంది. "ముల్లు కదలకపోతే ఏం పెద్దమ్మా, లోపల కదుల్తోంది" అంటాను. షుగరు, బీపీ మందులు మానకపోవడం కూడా ఈ పొరకు కాపుదలే.

అన్నిటికంటే ముఖ్యం రక్తం ఆగిన సమయాన్ని తగ్గించడం. ఆ రాత్రి పెద్దమ్మకు ఛాతీ కంటే దవడా వీపూ ఎక్కువ లాగాయట, చెమటలు పట్టాయట. "గ్యాసేలే" అని శొంఠి కషాయం తాగి, మమ్మల్ని లేపడం ఎందుకని నాలుగు గంటలు కూర్చుంది. పక్కగదిలోనే నేను సెమిస్టరు పరీక్షకు చదువుకుంటున్నాను. 108కి ఫోన్ చేయడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది.